చండీగఢ్ ఎవరి ఊరు? నేల, పాలన, చూడవలసిన చోట్లు

కృష్ణాతీరం:
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి చండీగఢ్ పీజీఐలో వైద్యవిద్యలో పీజీ సీటు వచ్చింది. తనను దింపడానికి వచ్చే నెలలో మేమిద్దరం తెనాలి నుంచి బయలుదేరుతున్నాం, వారం రోజులు అక్కడే ఉంటాం. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, పంజాబ్‌కూ హర్యానాకూ చండీగఢే రాజధాని అని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్లవాడు లేచి, "అయితే ఆ ఊరు ఎవరిదండీ?" అని అడిగేవాడు. కేంద్రపాలిత ప్రాంతమని చెప్పి కూర్చోబెట్టేదాన్ని. అక్కడ చెత్త ఎవరు తీస్తారో, నీటి బిల్లు ఎవరికి కట్టాలో, పోలీసు ఎవరి మాట వింటాడో నాకూ స్పష్టంగా తెలియదు. ఊరి నేల తీరు, పరిపాలన, తప్పక చూడవలసిన చోట్లు, ఈ మూడింటి గురించి తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను. హోటళ్ల పేర్లు, బేరాల సంగతులు నాకు అక్కరలేదు.

రేఖాపటం:
కృష్ణాతీరం గారూ, మీ అమ్మాయికి అభినందనలు. నేను నగర ప్రణాళిక బోధిస్తాను కాబట్టి నేలతోనే మొదలుపెడతాను. చండీగఢ్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఈశాన్యం ఎటో తెలియాలి. ఆ దిక్కున శివాలిక్ కొండలు ఉంటాయి. అక్కడి నుంచి నేల నైరుతి వైపు మెల్లగా, కంటికి తెలిసీ తెలియనంతగా వాలుతుంది. ఈ వాలుమీద రెండు వానాకాలపు వాగులు దిగుతాయి. తూర్పున ఉన్నది సుఖ్నా చో, పడమట ఉన్నది పటియాలా కీ రావ్. ఆ ప్రాంతంలో ఇలాంటి వాగును "చో" అంటారు. ఎండాకాలంలో అందులో ఇసుక తప్ప ఏమీ కనిపించదు, శ్రావణంలో ఒక్క రాత్రి వానకు పొంగి వస్తుంది. ఆ రెండు వాగుల మధ్య ఉన్న పొలాల్లో నగరాన్ని పెట్టారు. ఊరి పేరు దగ్గరలోని చండీ ఆలయం నుంచి వచ్చింది, ఆ ఆలయం మాత్రం ఇప్పుడు హర్యానా వైపు ఉంది.

1947లో దేశవిభజనతో లాహోరు పాకిస్తాన్‌లోకి పోయింది. పంజాబ్‌కు రాజధాని లేకుండా పోయి, తాత్కాలికంగా సిమ్లా నుంచి పాలన సాగింది. 1948లో ఈ స్థలాన్ని ఎంపిక చేశారు. మొదటి పటం గీసినవారు అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మేయర్, ఆయనతో పనిచేసిన పోలెండ్ వాస్తుశిల్పి మాథ్యూ నొవిస్కీ. వారి పటంలో వీధులు విసనకర్రలాగా వంపు తిరిగి ఉండేవి. 1950 ఆగస్టులో ఈజిప్టులో జరిగిన విమాన ప్రమాదంలో నొవిస్కీ మరణించారు. మేయర్ ఒక్కరే దీన్ని కొనసాగించే స్థితిలో లేకపోవడంతో, అధికారి పి.ఎన్. థాపర్, ప్రధాన ఇంజనీరు పి.ఎల్. వర్మ ఐరోపాకు వెళ్లి వెతికారు. అలా ఫ్రాన్సులో పనిచేస్తున్న వాస్తుశిల్పి లె కార్బూజియే, ఆయన దాయాది సోదరుడు పియెర్ జానెరె, ఇంగ్లండు దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఈ పనిలోకి వచ్చారు. 1951 ఫిబ్రవరిలో కార్బూజియే వచ్చి, మేయర్ గీసిన వంపుల్ని నిటారు గళ్లుగా మార్చారు. మేయర్ ఆలోచనలోని పెద్ద నివాస గడి మాత్రం పోలేదు, అదే తరువాత "సెక్టారు" అయింది.

ఒక్కో సెక్టారు సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు ఉంటుంది. లోపల బడి, దుకాణాలు, వైద్యశాల, పచ్చిక నడకదూరంలో ఉండాలన్నది నియమం. రోడ్లను ఏడు తరగతులుగా విడదీశారు. ఊళ్లను కలిపే పెద్ద రోడ్డు మొదటి తరగతి, సెక్టారు చుట్టూ తిరిగేది మూడోది, సెక్టారు మధ్యగా వంకర తిరుగుతూ దుకాణాలతో సాగే బజారు వీధి నాలుగోది, చెట్ల కింద నడిచేవారికోసం వేసిన బాట ఏడోది. సైకిళ్ల దారి తరువాత చేరింది. పాదచారికీ వేగంగా పోయే వాహనానికీ ముఖాముఖి తటస్థపడకూడదన్నదే వీటన్నిటి వెనక ఉన్న పట్టుదల. మీరు సెక్టారు లోపల పది నిమిషాలు నడిచి, తరువాత చుట్టూ ఉన్న రోడ్డును దాటడానికి ప్రయత్నిస్తే, ఆ పట్టుదల ఎక్కడ నెరవేరిందో ఎక్కడ నెరవేరలేదో మీకే తెలుస్తుంది.

చివరిగా, మీలో ఉన్న ఉపాధ్యాయురాలికోసం ఒక లెక్క. 13వ సెక్టారు మొదటి పటంలో లేదు. అయినా 9వ సెక్టారుకు ఎదురుగా 17 ఉంటుంది, 8కి ఎదురుగా 18, 10కి ఎదురుగా 16 ఉంటాయి, ఎలా కూడినా 26 వస్తుంది. దాని కింది వరుసలో 17, 22 కలిస్తే 39. ఇంకా దక్షిణాన 35, 43 కలిస్తే 78. అన్నీ 13 గుణిజాలే. 2020లో మణిమాజ్రాకు 13వ సెక్టారు అని పేరు పెట్టారు.

కొండారెడ్డి_బురుజు:
రేఖాపటం గారు తారీఖుల్లోకి దిగారు కాబట్టి కర్నూలువాణ్ని ఒకటి చేర్చక ఉండలేను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మా ఊళ్లో డేరాల మధ్య మొదలైంది. సరిగ్గా ఆరు రోజుల తరువాత, అక్టోబరు 7న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చండీగఢ్‌ను ప్రారంభించారు. ఉన్న రాజధానిని పోగొట్టుకున్న రాష్ట్రం ఒకటి, ఇంకా రాజధాని లేని రాష్ట్రం ఒకటి, రెండూ ఒకే వారంలో గుమ్మం తొక్కాయి. మాకు మూడేళ్లలో హైదరాబాదు దొరికింది. వారికి ఊరైతే దక్కింది, దాని హక్కు మాత్రం దక్కలేదు.

నేను న్యాయవాదిని, పాలన సంగతి చెబుతాను. 1966లో పంజాబ్ పునర్వ్యవస్థీకరణ చట్టం వచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 1న హర్యానా ఏర్పడింది. చండీగఢ్ ఎవరికి చెందాలన్నది తేలక, అదే రోజున దాన్ని కేంద్రపాలిత ప్రాంతం చేసి రెండు రాష్ట్రాలకూ రాజధానిగా ఉంచారు. తాత్కాలికమనుకున్న ఆ ఏర్పాటు నేటికీ నడుస్తోంది. 1985 జూలై 24న ప్రధాని రాజీవ్ గాంధీ, అకాలీదళ్ నాయకుడు హర్‌చంద్ సింగ్ లోంగోవాల్ చేసుకున్న ఒప్పందంలో, 1986 జనవరి 26న చండీగఢ్‌ను పంజాబ్‌కు అప్పగించాలని రాసుకున్నారు. ఆ తేదీ వచ్చింది, పోయింది, అప్పగింత జరగలేదు.

కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి రాజ్యాంగం 239వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి తరఫున ఒక పరిపాలకుడు ఉంటారు. 1966 నుంచి చీఫ్ కమిషనర్లు పాలించారు. మొదటి చీఫ్ కమిషనరు ఎం.ఎస్. రంధావా. 1984 జూన్ నుంచి పంజాబ్ గవర్నరే చండీగఢ్ పరిపాలకుడుగా కూడా ఉంటున్నారు. ఆయన కింద రోజువారీ పాలన చూసే ఉన్నతాధికారిని సలహాదారు అనేవారు, 2025 జనవరిలో ఆ పదవికి బదులు ప్రధాన కార్యదర్శి పదవి వచ్చింది. పోలీసు, భూమి, గృహవసతి అన్నీ ఈ పరిపాలన కిందే ఉంటాయి. పై మాట కేంద్ర హోంశాఖది. ఢిల్లీకీ పుదుచ్చేరికీ ఉన్నట్లు చండీగఢ్‌కు సొంత శాసనసభ లేదు. లోక్‌సభకు ఒక సభ్యుడు వెళతారు, రాజ్యసభలో స్థానం లేదు. ఒకే కప్పు కింద రెండు శాసనసభలు సమావేశమయ్యే ఊరి ప్రజలు ఆ రెండింటిలో దేనికీ ఓటు వేయరు. మీ విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు మొదలయ్యేది ఇక్కడినుంచే.

ఇటుక_జాలీ:
నేను కేంద్ర ప్రభుత్వ లెక్కల విభాగంలో పనిచేస్తూ 1987 నుంచి 2009 దాకా చండీగఢ్‌లో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం 22వ సెక్టారులోనే. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. బురుజు గారు చెప్పిన పాలన ఇంటి గుమ్మం దగ్గర ఎలా ఉంటుందో రాస్తాను.

1994లో నగరపాలక సంస్థ ఏర్పడింది, 1996లో మొదటి ఎన్నికలు జరిగాయి. నీరు, చెత్త, వీధిదీపాలు, లోపలి రోడ్లు దానివి. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, స్థలం హక్కుల బదలాయింపు మాత్రం పరిపాలనకు చెందిన ఎస్టేటు కార్యాలయంలో జరగాలి. గోడ బయట పైపు పగిలితే ఒక కార్యాలయం, గోడనే ఎత్తు పెంచాలంటే మరొక కార్యాలయం. ఆ రెండింటి మధ్య ఎవరి పని ఏదో తెలుసుకోవడానికే కొత్తగా వచ్చినవారికి ఒక ఏడాది పట్టేది. నీరు కూడా ఊళ్లో పుట్టినది కాదు. భాక్రా ప్రధాన కాలువ నుంచి, సుమారు 27 కిలోమీటర్ల దూరంలోని కజౌలీ దగ్గర తోడి పంపిస్తారు.

ఇప్పుడు 35 వార్డులు ఉన్నాయి. మేయరు పదవీకాలం ఒక్క సంవత్సరమే. కొత్త మేయరు పని అర్థం చేసుకునేలోపు డిసెంబరు వచ్చేస్తుందని మా వీధిలో అనుకునేవాళ్లం. 2024 జనవరిలో జరిగిన మేయరు ఎన్నికలో ఎనిమిది ఓట్లు చెల్లవని ఎన్నికల అధికారి ప్రకటించడం, ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్ పత్రాలను తెప్పించుకుని చూసి, అవి చెల్లుతాయని తేల్చి ఫలితాన్నే మార్చడం మీరందరూ వార్తల్లో చూసే ఉంటారు. ఊరి మనుషులు నేరుగా ఎన్నుకున్న సభ ఆ ఊళ్లో అదొక్కటే. ఆ సభలో పడే ఒక్కో ఓటుకు అంత విలువ రావడానికి కారణం అదేనని నాకు అనిపించింది.

22వ సెక్టారు గురించి ఒక మాట. నగరంలో మొదట కట్టిన సెక్టారుల్లో అది ఒకటి. ముఖ్యమంత్రి ఇంటి నుంచి బంట్రోతు ఇంటి దాకా ప్రభుత్వ గృహాలను మొదట పదమూడు రకాలుగా విభజించారు. ఫ్రై, డ్రూ, జానెరె వాటిని గీశారు. బంట్రోతు ఇంటికి కూడా రెండు గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి, పెరడు ఉండాలని నిర్ణయించారు. 1950లలో ఆ జీతానికి అది చిన్న సంగతి కాదు. మా ఇంటి ముందుగోడలో ఇటుకలను ఒకటి విడిచి ఒకటి పేర్చిన జాలీ ఉండేది. జూన్‌లో బయట లూ అనే వడగాలి కొడుతుంటే, ఆ జాలీలోంచి పడే ఎండ చుక్కలు చుక్కలుగా నేలమీద కదిలేది. మా పాప ఆ చుక్కల మధ్య సుద్దముక్కతో గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేది. నా పేరు ఇక్కడ అలా పెట్టుకున్నది అందుకే.

చెట్టునీడ:
నేను పంజాబ్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివాను. 14వ సెక్టారులోని మా ప్రాంగణంలో జానెరె కట్టిన గాంధీ భవన్‌ను తప్పక చూడండి. నీటి మధ్య తెల్లని పూవు తేలుతున్నట్లు ఉంటుంది. మీ అమ్మాయి ఉండబోయే పీజీఐ దానికి పక్కనే, 12వ సెక్టారులో ఉంది, నడిచి రావచ్చు.

నగరాన్ని మనిషి శరీరంగా ఊహించారన్న మాట మీకు ప్రతిచోటా వినిపిస్తుంది. తల 1వ సెక్టారులో సచివాలయం, శాసనసభ, హైకోర్టు ఉన్న కాపిటల్ సముదాయం, గుండె 17వ సెక్టారు బజారు, ఊపిరితిత్తులు లీజర్ వ్యాలీ అంటారు. నాకు ఊపిరితిత్తులంటేనే ఇష్టం. నగరం మధ్యగా పారే ఎన్-చో అనే చిన్న వాగును పూడ్చకుండా, దాని పల్లాన్నే తోటల వరుసగా మార్చారు. అది దాదాపు ఎనిమిది కిలోమీటర్లు సాగుతుంది. 16వ సెక్టారులోని జాకిర్ హుసేన్ గులాబీ తోట ఆ వరుసలోదే, 1967లో రంధావా గారి చొరవతో 30 ఎకరాల్లో వేశారు. రోడ్లకు చెట్లను ఎంచడంలోనూ ఆయన శ్రద్ధ ఉంది. ఒక్కో రోడ్డుకు ఒక్కో జాతి చెట్టును కేటాయించడంతో, మే నెలలో ఒక దారి పొడవునా రేలపూలు పచ్చగా వేలాడుతుంటే, మలుపు తిరిగేసరికి తురాయి ఎర్రగా పలకరిస్తుంది. మీరు వెళ్లేది చలి మొదలయ్యే కాలం కాబట్టి ఆ పూలు కనిపించవు, అది ఒక్కటే లోటు.

సుఖ్నా సరస్సుకు ఉదయం ఆరింటికి వెళ్లండి. అది సహజ సరస్సు కాదు, 1958లో సుఖ్నా చోకు అడ్డంగా కట్ట వేసి చేసినది, మూడు చదరపు కిలోమీటర్లు ఉంటుంది. కట్ట మీదికి వాహనాలు రాకూడదనీ, నీటిలో మోటారు పడవలు తిరగకూడదనీ కార్బూజియే కోరారు. నీరు వానదే. శివాలిక్ మట్టి చేతిలో పట్టుకుంటే పొడిగా రాలిపోయేంత బలహీనమైనది, వానకు కొట్టుకొచ్చి సరస్సును పూడ్చేస్తూ ఉండేది. అందుకని ఎగువన ఉన్న కొండల్లో భూమిని సేకరించి చెట్లు పెంచారు, చిన్న చిన్న అడ్డుకట్టలు వేశారు. ఆ అడవే ఇప్పుడు వన్యప్రాణి అభయారణ్యం. జానెరె చితాభస్మాన్ని ఆయన కోరిక ప్రకారం 1970లో ఈ సరస్సులోనే కలిపారు. పేరంతా కార్బూజియేకు వచ్చింది కాని, ఊళ్లో పద్నాలుగేళ్లు కాపురమున్నట్లు ఉండి 1965 దాకా పని చేయించినది జానెరే. ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్, యూలీ చౌధురి వంటి భారతీయ వాస్తుశిల్పులు ఆయన దగ్గర పనిచేసి ఎదిగినవారు.

బావిగట్టు:
అందరూ బాగా రాస్తున్నారు. అయితే పొలాల్లో నగరాన్ని పెట్టారు అని రేఖాపటం గారు ఒక్క వాక్యంలో దాటిపోయిన చోట నేను ఆగుతాను. మాది తుళ్లూరు దగ్గర రైతు కుటుంబం. ఆ పొలాలు ఎవరివి? గోధుమలు పండించే పల్లెలను 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు, ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. పటాల పుస్తకాల్లో ఆ పల్లెల పేర్లు ఎందుకు కనిపించవు?

రేఖాపటం:
మీ ప్రశ్న న్యాయమైనది, నేను దాటిపోవడం నా పొరపాటే. నగర నిర్మాణం రెండో దశలో కొన్ని పల్లెలను తీయకుండా సెక్టారు గడి మధ్యలోనే ఉంచారు. 45వ సెక్టారులో బుడైల్, 42లో అటావా అలాంటివే. తిన్నని రోడ్ల మధ్య నుంచి బుడైల్‌లోకి అడుగుపెడితే సందులు ఒక్కసారిగా ఇరుకవుతాయి, నాలుగు అంతస్తుల ఇళ్లు తలమీదికి వంగినట్లుంటాయి, తీగలు గుత్తులుగా వేలాడతాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకూ, చిన్న జీతాలవారికీ తక్కువ అద్దెకు గది దొరికేది అక్కడే. నగరం పట్టించుకోని అవసరాన్ని పల్లె తీరుస్తోంది.

సంఖ్యలు కూడా చూడండి. మొదటి దశలో 1 నుంచి 30 సెక్టారులకు లక్షన్నర మందినీ, రెండు దశలూ కలిపి ఐదు లక్షల మందినీ అనుకున్నారు. 2011 జనగణనలో 114 చదరపు కిలోమీటర్లలో 10,55,450 మంది ఉన్నారు. కట్టడానికి వచ్చిన కూలీలు ఎక్కడ ఉండాలో మొదటి పటంలో చోటు లేదు. వారు కాలనీ నంబరు నాలుగు, ఐదు అని అంకెలతో పిలిచే గుడిసెల్లో దశాబ్దాలు గడిపారు. కొందరికి పునరావాస గృహాలు ఇచ్చారు. నాలుగో కాలనీని 2022 మేలో తొలగించారు.

బయటివైపు కూడా ఇదే కథ. నగరం చుట్టూ ఐదు మైళ్లు, తరువాత పది మైళ్ల దాకా పొలాలు పొలాలుగానే ఉండాలని 1952లోనే చట్టం చేశారు. 1966లో ఆ వలయం మూడు ముక్కలై మూడు పాలనల చేతిలో పడింది. పంజాబ్ తన వైపు మొహాలీని, హర్యానా తన వైపు పంచ్‌కులాను కట్టుకున్నాయి. ఇప్పుడు మూడూ ఒకే ఊరిలా అతుక్కుపోయాయి, బస్సు ఎక్కితే రాష్ట్రం ఎప్పుడు మారిందో తెలియదు. వాన నీటి కాలువ ఎటు పోవాలి, మెట్రో ఎవరి డబ్బుతో రావాలి అన్నప్పుడు మాత్రం మూడు ప్రభుత్వాలు కూర్చోవాలి.

బావిగట్టు:
జవాబు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. అమరావతికి మా ప్రాంతంలో సుమారు 34 వేల ఎకరాలను సేకరణగా కాక సమీకరణగా తీసుకున్నారు. ఊళ్లను ఉన్నచోటనే ఉంచి, తిరిగి స్థలాలిస్తామన్నారు. ఆ తరువాత ఏళ్ల తరబడి మేము ఎదురుచూసిన చూపు వేరు. అయినా, ఊరు ఊరుగా మిగలడం ఎంత పెద్ద తేడానో బుడైల్ గురించి చదివాక నాకు అర్థమైంది.

చెట్టునీడ:
బావిగట్టు గారూ, లేచిపోయిన ఆ పల్లెల ఆనవాళ్లు ఒకచోట ఉన్నాయి. రాక్ గార్డెన్‌ను అందరూ వింత తోటగా చూస్తారు. నేక్ చంద్ ప్రజాపనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరు. ఆయన స్వగ్రామం విభజనలో పాకిస్తాన్ వైపు ఉండిపోయింది. 1957 ప్రాంతం నుంచి, సుఖ్నా దగ్గరి అడవి లోయలో, కట్టడాలు నిషేధించిన ప్రభుత్వ భూమిలో, ఉద్యోగం అయ్యాక సైకిలు మీద సామాను మోసుకెళ్లి రహస్యంగా తన రాజ్యాన్ని కట్టుకున్నారు. ఆ సామానులో ఎక్కువ భాగం కూల్చిన పల్లెల శిథిలాలే. 1970ల మధ్యలో అధికారుల కంటపడింది. కూల్చవలసినదే చట్టం ప్రకారం. కూల్చకుండా, 1976లో ప్రజలకు తెరిచి, ఆయనకు జీతమిచ్చి, కూలీలనిచ్చి కొనసాగించమన్నారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. 2015లో కన్నుమూశారు.

అక్కడ ఒక వరుసలో ఆడబొమ్మలు నిలబడి ఉంటాయి. వాటి ఒంటినిండా పగిలిన గాజుముక్కలే, మన చేతి గాజులు. ఎరుపు, పచ్చ, నీలం ముక్కలను నిలువుగా, వంపు బయటికి వచ్చేలా సిమెంటులో గుచ్చారు. దగ్గరికి వంగి చూస్తే ఒక్కో ముక్క ఎవరి మణికట్టుమీదో ఉండినదని గుర్తుకొస్తుంది. గోడలకు వాడేసిన ఫ్యూజు గిన్నెలు, పగిలిన పింగాణీ కప్పుల పిడులు అతికించారు. ద్వారాలు కావాలనే పొట్టిగా పెట్టారు, తల వంచకుండా లోపలికి పోలేరు. 1990 ప్రాంతంలో దానిలోంచి రోడ్డు వేయబోతే జనం అడ్డం నిలిచి ఆపారు. 2025 మార్చిలో పక్కనున్న హైకోర్టు వాహనాలకోసం గోడలో కొంత భాగం తొలగించినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

కొండారెడ్డి_బురుజు:
కాపిటల్ సముదాయం గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి రాస్తాను. న్యాయవాదులు అక్కడికి వెళితే ముందు హైకోర్టునే చూస్తాం. పైకప్పు గొడుగులా రెండు పొరలుగా ఉంటుంది, మధ్యలోంచి గాలి పోతుంది. ముందు మూడు ఎత్తైన స్తంభాలకు మూడు రంగులు వేశారు. కాంక్రీటుకు పూత లేదు, సెంట్రింగు చెక్కల అచ్చులు, చెక్కలోని ముడులతో సహా గోడమీద కనిపిస్తాయి. చేయి పెట్టి చూడండి. ఆ చెక్కలను కొట్టినవారి పని అంతా ఆ గోడమీద అలాగే ఉంది.

సచివాలయం 254 మీటర్ల పొడవున్న ఒకే భవనం. అందులో పంజాబ్, హర్యానా కార్యాలయాలు అరవై, నలభై పాళ్లలో పంచుకున్నాయి. శాసనసభ భవనంలో, విద్యుత్కేంద్రాల్లో నీటిని చల్లార్చే గోపురంలాగా పైకి లేచిన గుండ్రని సభామందిరం పంజాబ్‌ది. శాసన మండలికోసం కట్టిన రెండో మందిరం హర్యానాకు వచ్చింది. హర్యానా తనకు వేరే భవనం కావాలని చండీగఢ్‌లో స్థలం అడగడం, ఇస్తే మా హక్కు పలచబడుతుందని పంజాబ్ అభ్యంతరం చెప్పడం ఇటీవలి సంగతులు. హైదరాబాదు విషయంలో మనకు పదేళ్ల గడువు రాశారు. 2014 జూన్ 2న మొదలై 2024 జూన్ 2న ముగిసింది. ఊరు మొదటి రోజునుంచీ తెలంగాణదే, ఆంధ్రప్రదేశ్‌ది అతిథి హోదా. 1966 చట్టం చండీగఢ్‌కు గడువూ రాయలేదు, యజమానినీ రాయలేదు. గడువు రాయడంవల్ల మనం ఎంత నష్టపోయామని వాదించుకున్నా, రాయకపోతే ఏమవుతుందో చూడాలంటే అక్కడికి వెళ్లాలి.

2016 జూలైలో ఈ సముదాయాన్ని, ఏడు దేశాల్లోని కార్బూజియే పదిహేడు నిర్మాణాల్లో ఒకటిగా, యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా మొదటి దశ సెక్టారుల్లో ఒక కుటుంబంకోసం ఉద్దేశించిన ఇళ్లను అపార్టుమెంట్లుగా ముక్కలు చేయడాన్ని ఆపింది.

ఇటుక_జాలీ:
బురుజు గారూ, అంత పెద్ద భవనాలను కాపాడటం అటుంచండి, కుర్చీలను కూడా కాపాడుకోలేకపోయాం. మేము కూర్చున్న టేకు కుర్చీలకు పక్కకాళ్లు తిరగేసిన వి ఆకారంలో ఉండేవి, వీపుకు అల్లిన పేము. వెనక తెల్ల రంగుతో కార్యాలయం పేరు, వరుస సంఖ్య రాసేవారు. అల్లిక తెగితే మూలన పడేసి ఇనుప కుర్చీలు తెప్పించేవారు. పాతవాటిని కుప్పలుగా పోసి వేలం వేయడం నేను కళ్లారా చూశాను. జానెరె పర్యవేక్షణలో తయారైన ఆ కుర్చీలే తరువాత విదేశాల్లో లక్షల రూపాయలకు అమ్ముడుపోయాయి. 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాలను నిషేధించింది. 10వ సెక్టారులో మ్యూజియం ఉంది, అక్కడికి తప్పక వెళ్లండి. లాహోరు మ్యూజియం శిల్పాలను 1948 ఏప్రిల్‌లో అరవై, నలభైగా పంచినప్పుడు మన దేశానికి వచ్చిన నలభై పాళ్లలో గాంధార బుద్ధులు అక్కడున్నారు.

కృష్ణాతీరం:
అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్ననే తిరిగి వచ్చాం. ముందుగా ఇటుక_జాలీ గారికి: ఆ కుర్చీ ఒకటి మ్యూజియంలో కాపలాదారు కింద కనిపించింది, వెనక తెల్ల అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఆయన అనుమతితో ఒక్క నిమిషం కూర్చున్నాను, నడుముకు హాయిగా ఉంది. చెట్టునీడ గారూ, గాజుల బొమ్మల దగ్గర మావారు చాలాసేపు నిలబడిపోయారు. బావిగట్టు గారూ, బుడైల్ కూడా వెళ్లాం. సందు చివర రావిచెట్టు కింద అరుగుమీద ముసలివారు కూర్చుని ఉన్నారు. మా ఊరి రచ్చబండే అనుకున్నాను.

కాపిటల్ సముదాయానికి గుర్తింపు కార్డులు చూపించి పేర్లు రాయిస్తే, ఒక మార్గదర్శకుడు వెంట తీసుకెళ్లారు. తెరచిన అరచేయి స్మారకం ఎత్తు 26 మీటర్లు, గాలికి తిరుగుతుంది. కార్బూజియే బతికుండగా అది లేవలేదు, 1985లో నిలబెట్టారు. మేము చేరినప్పుడు అరచేయి కొండలవైపు ఉంది, బయలుదేరేసరికి కొద్దిగా ఊరివైపు తిరిగింది.

సచివాలయం, శాసనసభ, హైకోర్టు చూశాక, కొండల ముందు ఖాళీగా ఉన్న ఒక పెద్ద జాగా దగ్గర మా మార్గదర్శకుడు ఆగారు. ఇక్కడ గవర్నరు నివాసం రావలసి ఉండిందనీ, ప్రజాస్వామ్య రాజధానికి తలమీద రాజభవనం తగదని నెహ్రూ అభిప్రాయపడటంతో కట్టలేదనీ, దాని బదులు అనుకున్న విజ్ఞాన మందిరం కూడా రాలేదనీ చెప్పారు. ఆ ఊరికి పరిపాలకుడు గవర్నరేనని బురుజు గారు రాసినది గుర్తొచ్చి, చాలాసేపు ఆ గడ్డివైపు చూశాను. పక్కన నలుగురు పిల్లలు ఎవరో, బహుశా అక్కడి ఉద్యోగుల పిల్లలు, ఇటుకలు పేర్చుకుని క్రికెట్ ఆడుతున్నారు.